ఒరాంగుటాన్ కోసం వెళ్తే... చిటికి ముడి కనిపించింది!

"సంక్రాంతికి రావట్లేదు నాన్నా" అని ఫోన్లో చెప్పినప్పుడు అవతల్నుంచి కాసేపు మాట రాలేదు. తర్వాత, "సరే తియ్, పని ముఖ్యం గదా" అన్నాడు నాన్న.

మా ప్రాజెక్టు లైవ్‌కి వెళ్లేది సరిగ్గా పండగ వారంలోనే. క్లయింట్ ఆఫీసు కౌలాలంపూర్‌లో. మూడు వారాలు అక్కడే మకాం. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ కంప్యూటర్ ముందే గడిచిపోయాయి. మొత్తానికి గురువారం రాత్రి పని ముగిసింది. శని, ఆదివారాలు ఖాళీ. హోటల్ గదిలో పడుకుని ఇంట్లో పిండివంటల ఫొటోలు చూస్తూ కుమిలిపోవడం కన్నా ఎటైనా వెళ్దామనిపించింది. ఒరాంగుటాన్‌ను అడవిలో చూడాలని చిన్నప్పటి కోరిక. మ్యాప్ తెరిచి చూస్తే బోర్నియో దీవి గంటా ముప్పావు విమాన దూరంలోనే ఉంది. శుక్రవారం సాయంత్రమే బయల్దేరిపోయాను.

పిల్లుల ఊరు

నేను దిగిన ఊరు కుచింగ్. మలేషియాలోని సరవాక్ రాష్ట్రానికి రాజధాని. మలయ్ భాషలో 'కుచింగ్' అంటే పిల్లి. ఆ పేరు అసలు పిల్లి నుంచే వచ్చిందా లేదా అన్నదాని మీద వాదనలున్నా, ఊరివాళ్లు మాత్రం పిల్లినే ఖాయం చేసుకున్నారు. కూడళ్లలో పిల్లి విగ్రహాలు, ఊళ్లో పిల్లుల మ్యూజియం!

దేశం లోపలి విమానమే కదా అని దిగి నడుస్తుంటే మళ్లీ ఇమిగ్రేషన్ లైను కనిపించింది. సరవాక్‌కి సొంత ఇమిగ్రేషన్ ఉంది. కౌలాలంపూర్ నుంచి వచ్చే మలేషియా వాళ్లకి కూడా ఇక్కడ తనిఖీ తప్పదు. 1841 నుంచి 1946 దాకా ఈ ప్రాంతాన్ని బ్రూక్ అనే ఇంగ్లిష్ కుటుంబం రాజుల్లా ఏలింది. 1963లో మలేషియా ఏర్పడినప్పుడు కొన్ని ప్రత్యేక హక్కులతో అందులో చేరింది.

పొద్దున్నే ఒక చిన్న హోటల్లో సరవాక్ లక్సా తిన్నాను. సన్న సేమియాలాంటి బియ్యపు నూడుల్స్, రొయ్యలు, కొబ్బరిపాల పులుసు. పైన నిమ్మరసం పిండుకుంటే మన కోస్తా రొయ్యల పులుసుకి దూరపు చుట్టంలా ఉంది. తిని, ఊరి బస్సెక్కి సెమెంగో అడవికి బయల్దేరాను. పట్నం నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు.

ఎవరూ రాకపోతే మంచి వార్తే!

సెమెంగో జూ కాదు. 653 హెక్టార్ల అడవి. తల్లిని పోగొట్టుకున్నవి, ఇళ్లలో గొలుసులతో కట్టేసి పెంచినవి... ఇలాంటి ఒరాంగుటాన్లను తీసుకొచ్చి మళ్లీ అడవి బతుకు నేర్పడానికి 1975లో ఇక్కడ కేంద్రం పెట్టారు. వాటి పిల్లలు, మనవలు ఇప్పుడు ఆ అడవిలోనే స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. కొత్తగా దొరికిన వాటికి శిక్షణ ఇచ్చే పని ఇప్పుడు మతాంగ్ అనే మరో కేంద్రంలో జరుగుతోంది.

రోజూ ఉదయం, మధ్యాహ్నం సిబ్బంది ఒక చెక్క వేదిక మీద అరటిపళ్లు, కొబ్బరికాయలు పెడతారు. ఇష్టమైనవి వచ్చి తింటాయి. లేదంటే లేదు. గేటు దగ్గర దిగి కిలోమీటరుకు పైగా నడిచి అక్కడికి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. అప్పటికే యాభై, అరవై మంది ఉన్నారు. గార్డు ముందుగానే చెప్పేశాడు: "ఇది అడవిలో పళ్లు పండే కాలం. ఈ వారంలో నాలుగు రోజులు ఒక్కటి కూడా రాలేదు. ఈరోజు కూడా హామీ ఇవ్వలేను."

నా మొహం చూసినట్టున్నాడు, నవ్వి ఇంకో మాటన్నాడు. "మీకు నిరాశే. మాకైతే అవి రాకపోతేనే మంచి వార్త. సొంతంగా తిండి వెతుక్కుంటున్నాయని అర్థం."

తొమ్మిదైంది. గార్డు అడవిలోకి చూస్తూ గట్టిగా పిలిచాడు. మన ఊళ్లో పొలం గట్టు మీద నిలబడి పేరు సాగదీసి పిలుస్తారే, అలాగే. జవాబు లేదు. చుట్టూ కీచురాళ్ల రొద. నలుపు, తెలుపు, ఎరుపు రంగుల ఉడుత ఒకటి వచ్చి అరటిపండు కొరుక్కుని పోయింది. తొమ్మిదిన్నరకి చిన్నపిల్లలున్న వాళ్లు లేచి వెళ్లిపోయారు. మా ఆఫీసు గ్రూపులో ఏదో బగ్ గురించి మెసేజ్ వచ్చింది. ఫోన్ తీసి చూడబోతుంటే పక్కన నిలబడ్డ పెద్దాయన నా భుజం తట్టాడు.

చాలా పైన, ఏ నలభై అడుగుల ఎత్తులోనో ఒక కొమ్మ ఊగుతోంది. గాలి లేదు. ఆ ఒక్క కొమ్మే ఊగుతోంది.

ముందు ఎర్రటి చెయ్యి కనిపించింది. తర్వాత మొహం. తల్లి ఒరాంగుటాన్. దాని పక్కటెముకలకి అతుక్కుని పిల్ల. వేదిక వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తాపీగా ఒక కొమ్మ వంచి, ఆకులు నమిలి రుచి చూసి, పనికిరాదన్నట్టు వదిలేసి, ఇంకో కొమ్మ అందుకుంది. అక్కడ కాయలున్నాయి. పిల్ల తల్లిని వదిలి పక్క కొమ్మ పట్టుకుంది. తల్లి ఎలా వంచిందో అలా వంచబోయింది. వంగలేదు. మళ్లీ ప్రయత్నించింది. తల్లి సాయం చేయలేదు, పక్కకీ పోలేదు. కాయ తింటూ అక్కడే కూర్చుంది. మూడోసారో నాలుగోసారో కొమ్మ వంగింది.

గార్డు గొంతు తగ్గించి చెప్పాడు. ఒరాంగుటాన్ తల్లి ఏడెనిమిదేళ్లకి ఒక్కసారి మాత్రమే కంటుంది. ఆరేడేళ్లు పిల్ల తల్లి వెంటే తిరుగుతుంది. ఏ పండు తినాలి, ఏది తినకూడదు, ఏ కాలంలో ఏ చెట్టు కాస్తుంది, సాయంత్రం పడుకోవడానికి కొమ్మలు మడిచి గూడు ఎలా కట్టాలి... అన్నీ చూసి నేర్చుకోవాల్సిందే. మధ్యలో తల్లి పోతే ఆ చదువు ఆగిపోయినట్టే. ఇలాంటి కేంద్రాల్లో మనుషులు ఏళ్ల తరబడి తంటాలు పడి నేర్పేది ఆ చదువునే.

'ఒరాంగ్' అంటే మనిషి, 'హుతాన్' అంటే అడవి. అడవి మనిషి. బోర్నియో, సుమత్రా దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇవి సహజంగా బతకవు. మూడు జాతులున్నాయి, మూడూ అంతరించే ప్రమాదం అంచునే ఉన్నాయి. అడవులు కొట్టేసి ఆయిల్‌పామ్ తోటలు వేయడం అందుకు పెద్ద కారణం. ప్రపంచంలో పామాయిల్‌ని అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. సాయంత్రం బజ్జీలు తినేటప్పుడు ఆ కొమ్మ గుర్తొస్తే తప్పు నాది కాదు!

ఇరవై నిమిషాలు చూశాం. పదింటికి తల్లి చెయ్యి చాచింది, పిల్ల ఎక్కింది, ఆకుల్లోకి వెళ్లిపోయాయి. కింద పెట్టిన అరటిపళ్లు అలాగే ఉన్నాయి.

అరవై రింగిట్ల బేరం

మధ్యాహ్నానికి ఊళ్లోకి వచ్చేశాను. నది ఒడ్డున మెయిన్ బజార్ అనే పాత వీధి ఉంది. వరసగా పాతకాలపు దుకాణాలు. పూసల దండలు, చెక్క బొమ్మలు, డాళ్లు, సరవాక్ మిరియాలు, రంగురంగుల పొరల కేకులు. అమ్మకి మిరియాలు కొన్నాను. ఇంకో దుకాణంలో గోడకి వేలాడుతున్న బట్ట చూసి ఆగిపోయాను.

ముదురు ఎరుపు, నలుపు, గోధుమ తెలుపు. అంచులు కొద్దిగా చెదిరినట్టుండే డిజైన్. ఇది నాకు తెలిసిన బట్టే! మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో పుట్టపాక దగ్గరి ఊరు. ఆ రంగులు, ఆ చెదిరిన అంచులు మా ఇంట్లో నాయనమ్మ దాచుకున్న తేలియా రుమాలులో ఉన్నవే.

దీని పేరు పువా కుంబు, ఇక్కడి ఇబాన్ తెగవాళ్ల నేత అని చెప్పాడు దుకాణదారు. నూట ఇరవై రింగిట్లన్నాడు. అప్పట్లో రింగిట్ మన డబ్బులో సుమారు 20 రూపాయలు. మనం ఊరుకుంటామా? రెండుసార్లు బయటికి వెళ్లినట్టు నటించి అరవైకి దించాను. నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడిని, బట్ట బేరం నాకు నేర్పాలా అనుకుంటూ కవర్ పట్టుకుని గర్వంగా బయటికొచ్చాను.

నడుముకి కట్టుకున్న మగ్గం

ఆ వీధి వెనక సందులో ఒక మేడ మీద నేత చూపిస్తారని బోర్డు ఉంటే ఎక్కాను. చెక్క నేల మీద అరవై ఏళ్లావిడ కాళ్లు చాపుకుని కూర్చుంది. అక్కడ పెద్దవాళ్లని అందరూ ఆంటీ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను.

ఆవిడ మగ్గానికి గుంట లేదు, చట్రం లేదు. పడుగు ఒక చివర గోడవైపు కర్రకి, రెండో చివర ఆవిడ నడుముకి వేసుకున్న పట్టీకి కట్టి ఉంది. ఆవిడ వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకి వంగితే సడలుతాయి. మనిషి ఒళ్లే మగ్గంలో సగం. ఆవిడ చెయ్యి చాచినంత వెడల్పే నేయగలదు. అందుకే పెద్ద పువా కుంబు కావాలంటే రెండు పట్టీలు నేసి మధ్యలో కలిపి కుడతారు.

మూలన ఒక చట్రం మీద ఇంకా రంగు వేయని పడుగు ఉంది. దారాల్ని గుత్తులుగా పట్టుకుని ప్లాస్టిక్ పోగులతో ముడులు వేసి ఉన్నాయి. ఆ ముడి చూడగానే గుర్తుపట్టాను. చిటికి! ముడి ఉన్నచోట రంగు ఎక్కదు, మిగతా చోట ఎక్కుతుంది. పాతరోజుల్లో లెంబా అనే మొక్క ఆకు నార వాడేవారట. మా ఇంట్లో సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలు వాడేవాళ్లు.

రంగు సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం వేసింది. నూలుకి ముందు నూనె, అల్లం, ఉప్పు పట్టించి, కొన్ని రాత్రులు మంచులో, పగళ్లు ఎండలో ఆరబెడతారు. ఆ తర్వాతే ఎంగ్‌కుడు చెట్టు వేరు నుంచి తీసిన ఎరుపు పడుతుంది. మన దగ్గర నోని జ్యూస్ అమ్ముతారే, ఆ కాయ కాసే చెట్టే ఇది. మన తొగరు చెట్టుకి దగ్గరి బంధువు. ఈ నూలు సిద్ధం చేసే పనిని ఇబాన్లు 'కయావ్ ఇందు' అంటారు, అంటే ఆడవాళ్ల యుద్ధం. ఒకప్పుడు మగవాళ్లు యుద్ధాల్లో శత్రువుల తలలు తెచ్చేవాళ్లు. వాటిని పువా కుంబులోనే అందుకునేవారు. పుట్టుకకీ చావుకీ పండగకీ ఈ బట్ట ఉండాల్సిందే. డిజైన్లు కలలో వస్తాయని నమ్మకం. కొన్ని శక్తిమంతమైన డిజైన్లు అనుభవం లేనివాళ్లు ముట్టుకోకూడదు.

"మొసలి డిజైన్ నేను ఇంకా మొదలుపెట్టలేదు. నాకు ఇంకా అర్హత రాలేదు" అంది ఆంటీ.

"మీ అమ్మ దగ్గరే నేర్చుకున్నారా?" అని అడిగాను.

"లేదు. అమ్మ నేసేది, నేను బడికెళ్లేదాన్ని. చదువుకో, ఇటు రాకు అనేది. నలభై అయిదేళ్లు దాటాక మొదలుపెట్టా. అప్పటికి అమ్మ లేదు."

నేను నా ఫోన్లో నాయనమ్మ రుమాలు ఫొటో తీసి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, ఫొటో పెద్దది చేసి, "పడుగుకా, పేకకా, దేనికి ముడి వేశారు?" అని అడిగింది.

"రెండింటికీ."

ఆవిడ లోపలున్న ఇంకో ఇద్దర్ని పిలిచింది. వాళ్ల పువా కుంబులో పడుగుకి మాత్రమే ముడులు. పేక మామూలు దారం, పడుగు పరిచినప్పుడే డిజైన్ కనిపిస్తుంది. రెండింటికీ ముడులు వేసి, నేసేటప్పుడు చుక్క మీద చుక్క కలిసేలా చూడటం ఎలాగని ముగ్గురూ నన్నే అడగడం మొదలుపెట్టారు. కొలతలెలా? పేక జరిగితే ఎలా సరిచేస్తారు?

నాకు తెలియదు.

"నువ్వు ముడి వేయగలవా?" అని అడిగింది ఆంటీ.

"రాదు" అన్నాను. ఇంజినీరింగ్ చదివాను, సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను అని కూడా చెప్పబోయాను. ఎందుకో అది జవాబు అనిపించలేదు.

నాన్న లైన్లోకి వచ్చాడు

మా ఇంట్లో కూడా అదే మాట. "నువ్ మగ్గం దిక్కు రాకు, సదువుకో." నాయనమ్మ ఆసు పోసేది. అర్ధచంద్రాకారంలో ఉండే చట్రం మీద మేకుల చుట్టూ దారం తిప్పడం. ఒక చీరకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిరగాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూడలేకే ఆసు మిషన్ తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మా ఇంటికి ఆ మిషన్ వచ్చేసరికి నాయనమ్మ కుడిచెయ్యి భుజం పైకి లేచే స్థితిలో లేదు. నేను ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది నాన్న మగ్గం ఆపేసి కిరాణా కొట్టు పెట్టాడు. పోచంపల్లి డిజైన్‌ని మిల్లుల్లో ప్రింట్ చేసి అయిదో వంతు ధరకి అమ్ముతుంటే ఇక లాభం లేదనుకున్నాడు.

కుచింగ్‌లో మధ్యాహ్నం మూడంటే మనకి పన్నెండున్నర. వీడియో కాల్ చేశాను.

"ఏంరా, కోతి కనవడ్డదా?"

"కనబడింది. అది తర్వాత చెప్తా. ఇది చూడు" అని కెమెరా ముడుల మీదికి తిప్పాను.

నాన్న మాట్లాడలేదు. తర్వాత, "జర దగ్గరికి పెట్టు" అన్నాడు. ఇంకాసేపటికి, "గట్ల కాదు, పక్కకెల్లి సూపియ్యి. ఎన్ని పోగులకు ఒక ముడి ఏస్తున్నరు అడుగు."

అడిగాను. ఆంటీ వేళ్లతో లెక్కపెట్టి చూపించింది. నాన్న తల ఊపి తన వేళ్లతో ఏదో చూపించాడు. ఆవిడ నవ్వింది. మధ్యలో నేను అనువాదకుడిని. కానీ నాన్న వాడే సగం మాటలకి నాకు ఇంగ్లిష్ తెలియదు, కొన్నింటికి తెలుగులోనే అర్థం తెలియదు. చివరికి నన్ను పక్కనపెట్టి వాళ్లే సైగలతో మాట్లాడుకున్నారు. నూలుకి నూనె పట్టిస్తారని చెబితే నాన్న ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "మనదాన్ల ఆముదం కాయల బూడిద, నూనె కలుపుతరు. గందుకే దాన్ని తేలియా అంటరు. వాళ్లకు గూడ తెల్సా గీ ముచ్చట!"

కొట్టు ముందు ఎవరో వచ్చి చక్కెర అడుగుతున్నట్టు వినపడింది. "జరాగు" అని వాళ్లని కసిరాడు. పదేళ్లలో నాన్న బేరం వదులుకోవడం అదే మొదటిసారి చూశాను.

ఆ ఉత్సాహంలో నేను కొన్న బట్ట కూడా తీసి చూపించాను. "అరవై రింగిట్లే నాన్నా. నూట ఇరవై చెప్పాడు."

"తిప్పు."

"ఏంటి?"

"ఎనకకు తిప్పురా దాన్ని."

తిప్పాను. వెనకవైపు రంగు వెలిసిపోయినట్టు పాలిపోయి ఉంది.

"ప్రింటు రా అది" అన్నాడు నాన్న. తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. మా ఇంటి మగ్గాన్ని ఆపేసింది అలాంటి బట్టే. దాన్ని బేరమాడి మరీ కొన్నాను.

ఆంటీకి కవర్లోంచి తీసినప్పుడే తెలిసిపోయి ఉంటుంది. అయినా ఏమీ అనలేదు. తన మగ్గం మీద బట్ట అంచు ఎత్తి చూపించింది. రెండువైపులా ఒకటే రంగు. ఒక పోగు వేలితో కదిపింది. ఆ ఒక్క పోగులోనే ఎరుపు, తెలుపు, మళ్లీ ఎరుపు.

గోడకున్న చిన్న పట్టీ ఒకటి కొన్నాను. ధర మూడు వందల ఎనభై రింగిట్లు. బేరం ఆడలేదు. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే ముడులకే అయిదు వారాలంది. ఆ సాయంత్రం హోటల్ గదిలో లెక్క వేశాను. నా రోజు జీతంతో పోల్చి చూశాను. తర్వాత క్యాలిక్యులేటర్ మూసేశాను.

రాత్రి మళ్లీ నాన్నకి ఫోన్ చేసి, "ఈసారి వచ్చినప్పుడు నాకు చిటికి కట్టడం నేర్పుతావా?" అని అడిగాను.

"నీకెందుకురా గదంతా" అన్నాడు. ఎప్పటిలాగే.

రెండు రోజుల తర్వాత కౌలాలంపూర్‌లో మీటింగులో ఉండగా వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అటక మీదుండే చిటికి చట్రం. కిందికి దించి, దుమ్ము దులిపి, కొట్టు పక్క అరుగు మీద పెట్టి ఉంది. పక్కనే కోసిన సైకిల్ ట్యూబు ముక్కలు. ఫొటో కింద ఒక్క అక్షరం కూడా రాయలేదు.

ఉగాదికి టికెట్ బుక్ చేశాను.

మీరూ వెళ్తే...

* కౌలాలంపూర్, సింగపూర్ నుంచి కుచింగ్‌కి నేరుగా విమానాలున్నాయి. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి 30 రోజుల దాకా వీసా అక్కర్లేకుండా మలేషియా అనుమతిస్తోంది. బయల్దేరే ముందు నిబంధనలు ఒకసారి సరిచూసుకోండి. ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి.
* సెమెంగోకి ఉదయం తొమ్మిదిలోపే చేరండి. తినుబండారాలు బయటికి తీయొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలెక్కువ, రెయిన్‌కోటు దగ్గరుంచుకోండి.
* ఇంకో రోజు వీలైతే బాకో నేషనల్ పార్కుకి పడవలో వెళ్లండి. బోర్నియోలో తప్ప ఎక్కడా కనిపించని పొడుగు ముక్కు కోతులుంటాయి.
* కుచింగ్‌లోని తున్ జుగా ఫౌండేషన్ గ్యాలరీ, 2022లో తెరిచిన బోర్నియో కల్చర్స్ మ్యూజియం చూస్తే ఇక్కడి నేతల గురించి బాగా తెలుస్తుంది.
* పువా కుంబు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. పోచంపల్లి చీరకైనా ఇదే పరీక్ష!